తిరుపతిలో చదువుకునేవాళ్ళకు విరామం: ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడ?

బాలాజీ కాలనీ, కొర్లగుంట, బైరాగిపట్టెడ వైపు పిల్లలు అద్దెకున్న ఏ గదిలోకి వెళ్ళినా గోడకు ఒక టైంటేబుల్ అంటించి ఉంటుంది. నీట్‌కి చదివేవాళ్ళదైనా, ఈఏపీసెట్‌కి చదివేవాళ్ళదైనా, గ్రూప్స్‌కో డీఎస్సీకో కూర్చున్నవాళ్ళదైనా దాని తీరు ఒకటే. ప్రతి సబ్జెక్టుకీ గంటలుంటాయి, భోజనానికి అరగంట ఉంటుంది. ఆడుకోవడానికి, నలుగురితో కూర్చోవడానికి, ఊరికే ఉండటానికి గడి ఉండదు. గడి లేనంత మాత్రాన విరామం ఆగుతుందా? రాత్రి పదకొండుకి ఫోను చేతిలోకొస్తుంది, ఒంటిగంటకు గానీ దిగదు. ఆ రెండు గంటలూ నిద్రలోంచి పోతాయి. పోనీ సరదా అయినా దక్కుతుందా అంటే అదీ లేదు. చదవాల్సిన టైంలో ఇలా చేశామే అన్న బాధ పక్కనే కూర్చుని ఉంటుంది.

లెక్కలు చెప్పే మనిషిగా నాకు ఈ సంగతి నోటుబుక్కుల్లో కనబడుతుంది. బాగా చదివే పిల్లాడే, ఇంటిగ్రేషన్ లెక్కలో మొదటి మూడు వరుసలు శుభ్రంగా రాస్తాడు. నాలుగో వరుసలో మైనస్ గుర్తు ఎగిరిపోతుంది. కొట్టేసి మళ్ళీ మొదలుపెడతాడు, మళ్ళీ అక్కడే ఎగిరిపోతుంది. అక్షరాలు కూడా గీతమీద నిలవకుండా కిందికి జారుతుంటాయి. సూత్రం వాడికి బాగానే వచ్చు. రాత్రి ఎన్నింటికి పడుకున్నావని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. అలాంటి రోజు ఇంకో ఇరవై లెక్కలు చేయించడం కంటే ఇంటికి పంపి పడుకోమనడం మేలు.

విరామాన్ని ముందే టైంటేబుల్లో రాసుకోవాలన్నది నా గట్టి మాట. ఎలా రాసుకోవాలన్న దగ్గర మాత్రం అందరికీ ఒకే పద్ధతి కుదరదు. ఇంటి నుంచి వచ్చి చదివేవాళ్ళ వీలు వేరు, హాస్టల్లో ఉన్నవాళ్ళ వీలు వేరు. ఇక్కడి పిల్లలు మామూలుగా పాటించే ఐదు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు నిద్ర. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటలు, ఆపై వయసువాళ్ళకు కనీసం 7 గంటలు నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పగలు చదివింది మెదడులో కుదురుకోవడానికి రాత్రి నిద్ర అవసరం. ఎంట్రన్సు ఏడాదిలో ఎనిమిది గంటలు ఎక్కడ పడుకుంటాం సార్ అని పిల్లలు అడుగుతారు. టైం చాలకపోతే చదువు గంటల్లోంచి కోత పెట్టుకోండి, నిద్ర జోలికి వెళ్ళకండి అన్నదే నా జవాబు. నిద్రను తినేసే పద్ధతి ఎంత సరదాగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే.

రెండోది, విరామం దానంతటది ముగుస్తుందా లేదా. వాలీబాల్ ఆట చీకటి పడగానే ఆగిపోతుంది. నడక మొదలుపెట్టిన చోటికి రాగానే అయిపోతుంది. ఫోనులో రీల్స్‌కి చివర అనేది లేదు, వెబ్ సిరీస్‌లో ఒక భాగం అవగానే రెండోది దానంతటదే మొదలవుతుంది. ఒక పనిలో సరదా ఎంతుందని చూసేముందు అందులోంచి లేచి రావడం ఎంత కష్టమో చూసుకోండి.

మూడోది దారి. గంట విరామానికి రానూపోనూ గంట ప్రయాణమైతే అలసటే మిగులుతుంది.

నాలుగోది మనుషులు. ఊరు వదిలి గదిలో ఉండి చదివేవాళ్ళు కొందరు పొద్దుట్నుంచి రాత్రిదాకా మెస్‌లో "ఇంకొంచెం సాంబారు" అనడం తప్ప ఎవరితోనూ మాట్లాడరు. అలాంటివాళ్ళకి ఒంటరిగా తీసుకున్న విరామం సగమే పనిచేస్తుంది.

ఐదు పద్ధతులు ఒక్కచోట

| పద్ధతి | నిద్రపై ప్రభావం | మళ్ళీ పుస్తకం పట్టడం | ఖర్చు, దారి | బాగా కుదిరేది |
|---|---|---|---|---|
| రోజూ సాయంత్రం గంట | మంచిది, రాత్రి త్వరగా నిద్ర పడుతుంది | తేలిక | దాదాపు లేదు | ఇంటి దగ్గర, గదిలో ఉండి చదివేవాళ్ళకు |
| చదువు మధ్య ఐదేసి నిమిషాలు | ఏమీ ఉండదు | ఫోను ముట్టకపోతే తేలిక | లేదు | అందరికీ, కానీ ఇదొక్కటే చాలదు |
| మధ్యాహ్నం కునుకు | అరగంట లోపైతే మేలు, మించితే రాత్రి నిద్ర చెడుతుంది | ఎక్కువ పడుకుంటే కష్టం | లేదు | తెల్లవారుజామున లేచేవాళ్ళకు |
| ఆదివారం సగం రోజు | మంచిది | సోమవారం పొద్దున కొంచెం బరువు | మధ్యస్థం | హాస్టల్ పిల్లలకు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకు |
| పరీక్ష అయ్యాక రెండు మూడు రోజులు | అంతకుముందు వారాల్లో బాగా చెడుతుంది | కష్టం | ఎక్కువ | ఒకే పెద్ద పరీక్ష రాసి ముగించినవాళ్ళకు |

రోజూ సాయంత్రం గంట

నన్ను ఒక్కటే ఎంచమంటే దీన్నే ఎంచుతాను. ఐదున్నర నుంచి ఆరున్నర, లేదా ఆరు నుంచి ఏడు. పొద్దుటి చదువు బరువు దిగుతుంది, రాత్రి చదువుకు మనసు సిద్ధమవుతుంది. రోజూ ఒకే వేళకు వస్తుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటికి విసుగొచ్చినా, ఇంకో రెండు గంటలు ఓపిక పడితే బయటికి వెళ్ళొచ్చన్న ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యం ఉన్న పిల్లలు మధ్యలో ఫోను తీయడం తగ్గుతుంది. నేను చూసినంతలో ఇదే దీని పెద్ద లాభం.

ఆ గంటలో ఒళ్ళు కదలాలి. పొద్దంతా కుర్చీలో కూర్చున్నవాళ్ళు సాయంత్రం మంచంమీద పడుకుని ఫోను చూస్తే కళ్ళకీ మెడకీ అదే పని మళ్ళీ చెప్పినట్టు. యూనివర్సిటీ చుట్టుపక్కల ఉండేవాళ్ళు అదృష్టవంతులు. 1954లో మొదలైన ఎస్వీయూ ఆవరణలో చెట్లకింద రోడ్లున్నాయి, తలెత్తితే ఎదురుగా కొండ కనబడుతుంది. తారకరామ స్టేడియం వైపు వెళితే నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు తోడు దొరుకుతారు. ఊరికి అటు చివర ఉన్నవాళ్ళు దీనికోసం ఆటో ఎక్కి రానక్కర్లేదు. వీధిలో షటిల్ ఆడినా, మిద్దెమీద పాటలు వింటూ తిరిగినా, చెల్లెలితో క్యారమ్స్ ఆడినా గంట గంటే.

చిక్కల్లా పెద్దవాళ్ళ దగ్గర వస్తుంది. సాయంత్రం చెప్పులేసుకుంటుంటే "ఏం నాయనా, అప్పుడే పుస్తకం మూసేసినావా?" అని అమ్మ అడుగుతుంది. ఆమెకు కనబడేది ఆ ఒక్క గంటే మరి, తెల్లవారి ఐదు నుంచి మీరు చదివింది ఆమె నిద్రలో ఉన్నప్పుడు జరిగిపోయింది. టైంటేబుల్ వంటింటి తలుపుమీద కూడా అంటించండి. తిరిగి ఎన్నింటికి కూర్చుంటారో చెప్పి, చెప్పిన టైంకి పదిరోజులు కూర్చోండి. పదకొండో రోజు ఆమే "ఆరైంది, వెళ్ళవా?" అంటుంది.

చదువు మధ్య చిన్న విరామాలు

ఇరవై ఐదు నిమిషాలు చదివి ఐదు నిమిషాలు ఆగే పద్ధతి చాలామందికి తెలిసిందే. బట్టీ పట్టాల్సిన బయాలజీకి, జనరల్ స్టడీస్‌కి బాగుంటుంది. లెక్కలకీ ఫిజిక్స్‌కీ ఇరవై ఐదు నిమిషాలు తక్కువ. ఒక పెద్ద లెక్క చిక్కు విడుతున్న చోట గంట కొడితే ఊపు పోతుంది. అలాంటి సబ్జెక్టులకు యాభై నిమిషాలు చదివి పది నిమిషాలు ఆగండి. ఆ పది నిమిషాల్లో నీళ్ళు తాగడం, ముఖం కడుక్కోవడం, కిటికీలోంచి దూరంగా చూడటం, అంతే. ఫోను తెరిస్తే అది పది నిమిషాల్లో మూతపడదు. ఇది ఊపిరి పీల్చుకోవడానికే తప్ప సరదాకి పనికిరాదు. పైన చెప్పిన సాయంత్రం గంటకు బదులుగా దీన్ని లెక్కేయకండి.

మధ్యాహ్నం కునుకు

తిరుపతి ఎండలు తెలిసినవే. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, పైకప్పు కాలుతున్న గదిలో, భోంచేసి ఆర్గానిక్ కెమిస్ట్రీ తెరిస్తే ఎక్కేది తక్కువ. తెల్లవారి నాలుగున్నరకు లేచేవాళ్ళకు ఆ వేళ కునుకు నిజంగా మందులా పనిచేస్తుంది. అయితే అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. గంట దాటితే గాఢనిద్రలోకి వెళతారు, లేచాక తల దిమ్ముగా ఉండి ఇంకో అరగంట పోతుంది, రాత్రి పదింటికి నిద్ర పట్టదు. దాన్ని సరిచేయడానికి సాయంత్రం ఆరుకు కాఫీ తాగితే ఇంకా చెడుతుంది. కాఫీలోని కెఫీన్ ఐదు గంటల తర్వాత కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

నీట్‌కి చదివేవాళ్ళు ఇక్కడ ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 గంటల మధ్య జరుగుతుంది. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. ఏడాది పొడవునా రెండింటికి కునుకు తీసిన ఒళ్ళు ఆ ఒక్క రోజు మాత్రం ఊరుకుంటుందా? చివరి రెండు నెలలు కునుకుని పన్నెండున్నర, ఒంటిగంట వైపు జరుపుకోండి, లేదా మానేసి రాత్రి ఇంకో అరగంట ఎక్కువ పడుకోండి. మాక్ టెస్టులు సరిగ్గా రెండింటికే రాయండి. జేఈఈ మెయిన్ ఉదయం 9కి ఒక షిఫ్టు, మధ్యాహ్నం 3కి ఒక షిఫ్టు. ఏది వస్తుందో ముందు తెలియదు కాబట్టి రెండు వేళల్లోనూ అలవాటు చేసుకోవాలి.

ఆదివారం సగం రోజు

హాస్టల్ పిల్లలకు సాయంత్రం గంట వాళ్ళ చేతిలో ఉండదు. తెల్లవారకముందే లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు నడిపే చోట్ల వారంలో ఒక పూట దొరకడమే ఎక్కువ. దొరికిన ఆ పూటని పిల్లలు ఎక్కువగా బట్టలు ఉతకడానికి, మిగిలింది పడుకోవడానికి వాడేస్తారు. పడుకోవడం తప్పు కాదు. కానీ ఆ నాలుగైదు గంటల్లో ఒకటైనా ఆటకో, ఇంటివాళ్ళతో తీరిగ్గా మాట్లాడటానికో విడిగా తీసిపెట్టుకోండి. చూడటానికి వచ్చే అమ్మానాన్నలకు నాదొక విన్నపం. గేటు దగ్గర కలిసిన ఆ కాసేపు మార్కుల ఊసెత్తకండి. సంగటి, ఊరిబిండి కట్టుకొచ్చి పక్కన కూర్చుని తినిపించండి. ఇంట్లో ఆవు ఈనిందో లేదో, పక్కింటి అక్క పెళ్ళి ఎప్పుడో చెప్పండి.

పగలు ఉద్యోగం చేసి రాత్రి గ్రూప్స్‌కి చదివేవాళ్ళకు కూడా ఇదే సరైనది. వాళ్ళకు రోజూ గంట తీయమంటే చదువుకు మిగిలేది రెండు గంటలే. ఆదివారం పొద్దున నాలుగు గంటలు గట్టిగా చదివి, మధ్యాహ్నం భోజనం నుంచి పుస్తకం ముట్టకూడదు. ఆదివారం మొత్తం వదిలేస్తే సోమవారం మళ్ళీ అందుకోవడం కష్టమని చాలామంది చెబుతారు, నాకూ అదే నిజమనిపిస్తుంది.

పరీక్ష అయ్యాక పెద్ద విరామం

"నెలరోజులు ఊపిరి బిగబట్టి చదివేద్దాం, టెస్టు అవగానే మూడు రోజులు ఎంజాయ్ చేద్దాం." వినడానికి బాగుంటుంది, కుర్రాళ్ళకి బాగా నచ్చుతుంది. నేను వద్దని చెప్పేది దీన్నొక్కదాన్నే. రెండో వారం చివరికే పిల్లలు అలసిపోతారు, మూడో వారం పుస్తకం ముందు కూర్చుంటారు గానీ చదవరు. ఆ తర్వాత వచ్చే మూడు రోజుల్లో మొదటి రోజు నిద్రకే సరిపోతుంది. నిద్ర బాకీ ఒక్కసారిగా తీరేది కాదు. సంవత్సరమంతా అయ్యాక, చివరి పరీక్ష రాసేశాక అయితే నిశ్చింతగా వెళ్ళండి. సుమారు 60 కిలోమీటర్ల దూరంలో తలకోన ఉంది, మదనపల్లె వైపు హార్స్‌లీ హిల్స్ ఉన్నాయి.

రోజూ వచ్చి వెళ్ళేవాళ్ళ సంగతి

శ్రీకాళహస్తి, పుత్తూరు, పాకాల వైపు నుంచి రోజూ రైల్లోనో బస్సులోనో వచ్చి చదువుకునేవాళ్ళ గురించి విడిగా చెప్పాలి. సలహాలు చెప్పేవాళ్ళు వీళ్ళని మర్చిపోతారు.

పుత్తూరు నుంచి వచ్చే ఒకమ్మాయికి వాళ్ళ నాన్న ఫార్ములాలన్నీ చిన్న అట్టలమీద రాయించి, రబ్బరుబ్యాండు వేసి ఇచ్చాడు, రైల్లో గంట వృథా పోకూడదని. పొద్దున వచ్చేటప్పుడు ఆ అట్టలు బాగానే పనికొచ్చేవి. సాయంత్రం నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో అట్ట తిప్పుతుంటే ఒక్కటీ ఎక్కేది కాదు. ఇంటికెళ్ళేసరికి తలనొప్పి. సాయంత్రం అట్టలు సంచిలోంచి తీయొద్దని చెప్పాను. ఇప్పుడు నలుగురు స్నేహితురాళ్ళు ఒకే పెట్టెలో ఎక్కుతున్నారు. ఒకమ్మాయి మసాలా బొరుగులు పొట్లం కట్టించుకొస్తుంది, ఇంకొకామె వేయించిన చెనక్కాయలు తెస్తుంది. రేణిగుంట దాటేలోపు పొట్లాలు ఖాళీ, కాలేజీ కబుర్లన్నీ పూర్తి. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని అన్నం తిని నేరుగా పుస్తకం ముందు కూర్చుంటోంది. ఆమెకు ఆ రైలే సాయంత్రం గంట. అలా వచ్చి వెళ్ళేవాళ్ళు ఇంటి దగ్గర మళ్ళీ ఇంకో గంట విరామం పెట్టుకోనక్కర్లేదు. ప్రయాణాన్ని చదువు ఖాతాలో వేసుకోవడం మాత్రం ఒకవైపే, పొద్దుటివైపే.

చిత్తూరు నుంచి సుమారు 70 కిలోమీటర్లు రోజూ తిరిగేవాళ్ళకు నేనిచ్చే సలహా వేరు. వీలుంటే వారంలో ఐదు రోజులు ఇక్కడే బంధువుల ఇంట్లోనో గదిలోనో ఉండండి. రోజుకు మూడు నాలుగు గంటలు బస్సులో పోతుంటే ఏ విరామ పద్ధతీ దాన్ని పూడ్చలేదు.

ఎక్కడికి వెళితే ఎంత టైం

అలిపిరి మెట్లు: 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. వయసులో ఉన్నవాళ్ళకు కూడా మూడు గంటలు పడుతుంది, పైన దర్శనం, దిగి రావడం కలిపితే రోజు అయిపోతుంది. మొక్కుంటే, లేదా ఏడాదికి రెండుసార్లు స్నేహితులంతా కలిసి అయితే దానంత ఆనందం ఇంకోటి లేదు. ప్రతి ఆదివారం విరామంగా పెట్టుకుంటే సోమవారం కాళ్ళు లేవవు. శ్రీనివాసమంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు దూరం తక్కువ, ఎక్కుడు నిటారు. అక్కడికి చేరే దారి కూడా లెక్కేసుకోండి.

కపిలతీర్థం: సగం పూటకు నా మొదటి ఎంపిక. ఊళ్ళోంచి వెళ్ళిరావడం తేలిక, ఖర్చు లేదు. అక్టోబరు, నవంబరు వానలప్పుడు కొండమీంచి జలపాతం దూకుతుంటే గంట ఎలా గడిచిందో తెలియదు. వాన గట్టిగా ఉన్న రోజు నీళ్ళ దగ్గరికి మాత్రం పోకండి.

జూపార్కు, చంద్రగిరి కోట: ఆదివారం మధ్యాహ్నానికి సరిపోతాయి. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నవాళ్ళు వాళ్ళని తీసుకెళితే ఇంట్లోవాళ్ళు కూడా సంతోషిస్తారు. కోటలో రాజమహల్ ముందు పచ్చికలో ఊరికే కూర్చున్నా చాలు.

సినిమా: నెలకొకటి హాయిగా చూడండి, ఫస్ట్ షోకి వెళ్ళండి. సెకండ్ షో చూసి అర్ధరాత్రి దాటాక గదికి చేరితే ఆ రాత్రి నిద్రతోపాటు మర్నాటి చదువు కూడా పోతుంది.

ఫోను: మానేయమని చెప్పను, చెప్పినా జరగదు. సాయంత్రం గంటలో ఇరవై నిమిషాలు దానికిచ్చి, రాత్రి భోజనం తర్వాత వేరే గదిలో చార్జింగుకు పెట్టండి. గదిలో స్నేహితులు కలిసి ఉన్నవాళ్ళు అందరి ఫోన్లూ ఒకే అరలో పెట్టుకుంటే ఒకరికొకరు కాపలా.

మే నెలలో

తిరుపతిలో గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. ఈఏపీసెట్ కూడా చాలా ఏళ్ళుగా ఆ రోజుల్లోనే పడుతోంది. మూడు గంటల్లో 160 ప్రశ్నలు రాయాల్సిన పిల్లాడు గదిలో కూర్చుంటే బయట వీధిలో డప్పులు, వేషాలు. పూర్తిగా వద్దంటే మనసు వీధిలోనే ఉంటుంది. వారం మొత్తం తిరిగితే చదువు పోతుంది. ఇంట్లో అడిగి ఒక్క పూట ఎంచుకోండి. మీకిష్టమైన వేషం ఏ రోజో చూసుకుని ఆ పూట వెళ్ళి, అమ్మవారికి దండం పెట్టుకుని, వేడి తగ్గాక తిరిగి రండి. మిగతా రోజుల్లో చప్పుడు ఎక్కువైతే చదివే గంటల్ని తెల్లవారుజాముకు జరుపుకోండి, ఆ వేళ వీధి కాస్త నెమ్మదిగా ఉంటుంది.

పరీక్ష ముందురోజు సాయంత్రం గంట మాత్రం తీసేయకండి. చాలామంది ఆ రోజే అన్నీ మానేసి రాత్రి రెండింటిదాకా తిరగేస్తారు. కొత్తగా ఎక్కేది ఏమీ ఉండదు, ఉన్నది కలగాపులగం అవుతుంది. ఆ గంటలో వీలైతే నాన్నతోనో అన్నతోనో బండిమీద పరీక్ష కేంద్రం దాకా వెళ్ళి దారి చూసి రండి. ఎంతసేపు పట్టిందో గమనించుకుని, దానికి అరగంట కలిపి మర్నాడు బయల్దేరే టైం ఖాయం చేసుకోండి. హాల్‌టికెట్టు, గుర్తింపు కార్డు, ఫొటోలు సంచిలో పెట్టి, పెరుగన్నం తిని పదింటికల్లా పడుకోండి.